రెప్ప మీద కురుపు, వాపు, దురద: పీహెచ్‌సీ ఓపీలో వరసగా చూసి తేల్చుకునే పద్ధతి

విశాఖ చుట్టుపక్కల పీహెచ్‌సీల్లో, అర్బన్ హెల్త్ సెంటర్లలో కొత్తగా చేరిన డాక్టర్ తమ్ముళ్లు, చెల్లెళ్లు వాట్సాప్‌లో రెప్ప ఫోటో ఒకటి పెట్టి "ఇదేంటన్నా, ఏం రాయమంటావు?" అని అడుగుతూనే ఉంటారు. నేను తిరిగి అడిగేది ఒకటే, "చూపెంత ఉంది?" అటునుంచి నీలం టిక్కులు వస్తాయి గానీ జవాబు రాదు. అందుకే ఈసారి మొత్తం ఒకచోట రాసేస్తున్నాను.

నేను కంటి స్పెషలిస్టుని కాను. మీలాగే జ్వరాలూ బీపీలూ షుగర్ల మధ్య కళ్లు చూసేవాణ్ణి. స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దది చేసి చూపే యంత్రం) లేకుండా మన టేబుల్ దగ్గర ఏం చేయగలమో, ఎక్కడ ఆగాలో, అదే ఇక్కడ ఉంటుంది.

1. టేబుల్ మీద ఏం ఉండాలి

కొనాల్సినవి పెద్దగా లేవు. ఇవి ఒక డబ్బాలో పెట్టుకోండి:

- స్నెలెన్ చార్టు (చూపు కొలిచే అక్షరాల చార్టు), చదువురాని వాళ్లకి "ఈ" గుర్తుల చార్టు (6 మీటర్లు లేకపోతే 3 మీటర్ల చార్టు)
- పిన్‌హోల్ (అట్టముక్కకి సూదితో బెజ్జం పెట్టినా పని జరుగుతుంది)
- మంచి వెలుగున్న టార్చి, ఒక భూతద్దం
- ఇయర్ బడ్స్, చిన్న స్కేలు
- ఫ్లోరెసిన్ స్ట్రిప్స్ (నీలం వెలుగులో నల్లగుడ్డు మీది పుండుని చూపించే రంగు కాగితాలు), టార్చికి తొడగడానికి నీలం ఫిల్టర్
- గ్లూకోమీటర్, యూరిన్ డిప్‌స్టిక్

ఫోన్ కెమెరా ఎలాగూ ఉంది. రెప్ప అంచుని దగ్గరగా ఫోటో తీసి పెద్దది చేసి చూస్తే భూతద్దంలో కనబడనివి కూడా కనబడతాయి. పేషెంట్‌ని అడిగి తీయండి, తర్వాత గ్రూపుల్లో తిప్పకండి.

2. రెప్పకి ముందు కన్ను: మొదటి 3 నిమిషాలు

"ఏటి బాబూ, రెప్ప మీద కురుపే కదా, ఓ చుక్కల మందు రాసిచ్చీ" అంటారు. లైను బయట గేటుదాకా ఉంటుంది, మనకీ రాసిచ్చేయాలనే ఉంటుంది. ఈ వరస మాత్రం తప్పించకండి, అలవాటైతే 3 నిమిషాలు పట్టదు.

ఎప్పుడు మొదలైంది, ఒక కన్నా రెండా, నొప్పా దురదా, ఇంతకుముందు ఇదే చోట వచ్చిందా, ఏ మందు వేసుకున్నారు అని అడగండి. ఆఖరి ప్రశ్న దగ్గర కాస్త ఆగి సంచిలో ఉన్న సీసా బయటికి తీయించండి, ఎందుకంటే "ఏమీ వేయలేదండీ" అన్న వాళ్ల సంచిలోనే పక్కింటావిడ ఇచ్చిన స్టెరాయిడ్ చుక్కలు ఉంటాయి.

ఆ తర్వాత చేత్తో చేసే పని:

1. ఒక్కో కన్ను విడిగా చూపు కొలిచి చీటీ మీద రాయండి. తగ్గితే పిన్‌హోల్‌తో మళ్లీ చూడండి. పిన్‌హోల్‌తో మెరుగైతే చాలావరకు అద్దాల సమస్యే.
2. టార్చిని ఒక కంట్లో 2 సెకన్లు వేసి వెంటనే రెండో కంటికి మార్చండి. మార్చగానే కంటిపాప చిన్నది అవ్వాల్సింది పోయి పెద్దదైతే ఆ కంటి నరం దెబ్బతింటోందని అర్థం.
3. తల కదపకుండా మీ వేలు వెంట పైకి, కిందికి, పక్కలకి చూడమనండి. నొప్పి ఉందా, ఒకటి రెండుగా కనబడుతోందా అడగండి.
4. గట్టిగా కళ్లు మూయమనండి. మూతపడకుండా తెల్లగుడ్డు కనబడితే రెప్ప సమస్య కాదు, ముఖం నరం సంగతి చూడాలి. మన దగ్గర బెల్స్ పాల్సీతో (ముఖం ఒక పక్క పడిపోవడం) పాటు కుష్ఠువ్యాధి కూడా గుర్తుండాలి.
5. వెంట్రుకల మొదళ్లు చూడండి. పొట్టు ఉందా, ఊడాయా, లోపలికి తిరిగాయా?
6. పై రెప్ప తిప్పండి. కిందికి చూడమని చెప్పి, వెంట్రుకల్ని పట్టుకుని, రెప్ప మడత దగ్గర ఇయర్ బడ్ ఆనించి పైకి తిప్పాలి. పైకి చూస్తున్నప్పుడు ఎంత లాగినా తిరగదు, అందరూ చేసే తప్పు ఇదే.
7. చెవి ముందు గ్రంథి వాచిందేమో వేలితో తడమండి.

ఎర్రగా ఉండి గుచ్చుకుంటోందంటే ఫ్లోరెసిన్ వేసి నల్లగుడ్డు చూడండి. పచ్చగా మెరిసిన చోట పుండో గీతో ఉన్నట్టు.

3. మన దగ్గర ఆపకూడనివి

ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ప్రాణానికీ చూపుకీ గండం ఉన్నవి ఇవే కాబట్టి.

*వాచి మూసుకుపోయిన రెప్ప, జ్వరం.* ఎర్రగా వాచిన రెప్పని చేత్తో తెరిచి చూడకుండా మందు రాయొద్దు. లోపల కన్ను తెల్లగా ఉండి, చూపూ కదలికలూ మామూలుగా ఉంటే ఇన్‌ఫెక్షన్ రెప్ప వరకే ఉన్నట్టు. పెద్దవాళ్లకి అమాక్సిసిలిన్ క్లావులనేట్ 625 మిల్లీగ్రాములు రోజుకి 3 సార్లు, 7 రోజులు మొదలుపెట్టి (పెన్సిలిన్ అలర్జీ అడిగాకే), మర్నాడు తప్పకుండా రమ్మనాలి. కన్ను ముందుకి పొడుచుకొచ్చినా, కదిపితే నొప్పెట్టినా, రెండుగా కనబడినా, చూపు తగ్గినా ఇన్‌ఫెక్షన్ కంటి గూట్లోకి వెళ్లింది, అది మాత్రలతో తగ్గేది కాదు. సీటీ, ఈఎన్‌టీ, ఐవీ మందులు అన్నీ ఒకేచోట దొరికే పెద్దాసుపత్రికి ఆ పూటే పంపాలి. చంటిపిల్లలైతే తేలిగ్గా కనబడినా పంపేయండి. షుగర్ అదుపులో లేని మనిషికి ముఖం తిమ్మిరెక్కి, ముక్కులోనో అంగిట్లోనో నల్లటి మచ్చ కనబడితే బ్లాక్ ఫంగస్ అనుకుని కదలండి.

*ఉన్నట్టుండి వాలిన రెప్ప.* ఒక రెప్ప వాలి, ఆ కంటిపాప పెద్దదై, తలనొప్పి కూడా ఉంటే మెదడు రక్తనాళంలో బుడగ ఉబ్బి నరాన్ని నొక్కుతూ ఉండొచ్చు. కంటి ఆసుపత్రికి పంపి టైమ్ పోగొట్టొద్దు, న్యూరోసర్జరీ ఉన్నచోటికే, అంటే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) లాంటి చోటికి పంపాలి. వాలిన వైపు కంటిపాప చిన్నదైతే, అందులోనూ మెడనొప్పి ఉంటే, అదీ ఆ రోజే పంపాల్సిన కేసు.

సాయంత్రానికి వాలడం ఎక్కువై పొద్దున బాగుంటే మయస్థీనియా (కండరాలు త్వరగా అలిసిపోయే జబ్బు) అనుమానించండి. గ్లౌజులో ఐసుముక్క వేసి మూసిన రెప్ప మీద 2 నిమిషాలు పెట్టి తీస్తే రెప్ప 2 మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో లేస్తుంది, స్కేలు అందుకే. మింగడం, ఊపిరి ఎలా ఉన్నాయో కూడా అడగండి.

*నేల మీద పడుకుని లేచేసరికి రెండు రెప్పలూ వాలిన మనిషి.* ఆనందపురం, పద్మనాభం, పెందుర్తి పక్క పల్లెల్లో పనిచేసేవాళ్లు దీన్ని రెండుసార్లు చదవండి. కట్లపాము రాత్రిపూట నిద్రలో కరుస్తుంది, గాటు కనబడకపోవచ్చు, నొప్పీ ఉండదు. కడుపునొప్పి, రెప్పలు వాలడం, మాట ముద్దగా రావడం, ఆ వెనకే ఊపిరి. గాటు కోసం వెతుకుతూ కూర్చోకుండా పాము విషం విరుగుడు 10 వయల్స్ మొదలుపెట్టి, ఊపిరి చూసుకుంటూ అంబూ బ్యాగుతో (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) 108 ఎక్కించండి.

*నుదుటికీ రెప్పకీ ఒక పక్కనే నీటి పొక్కులు.* ఇది సర్పి. అసైక్లోవిర్ 800 మిల్లీగ్రాములు రోజుకి 5 సార్లు, 7 రోజులు, వీలైనంతవరకు 72 గంటల్లోపే మొదలవ్వాలి. కిడ్నీ జబ్బుంటే డోసు తగ్గించాలి. ముక్కు కొన మీద పొక్కు ఉంటే కంటి లోపలికి కూడా వచ్చే ప్రమాదం ఎక్కువ, మందు మొదలుపెట్టి కంటి డాక్టర్ దగ్గరికి పంపండి.

*గాలం.* ఫిషింగ్ హార్బర్, భీమిలి వైపు రెప్పకి గాలం గుచ్చుకుని వస్తారు. లాగొద్దు. దాని కొన కంటిగుడ్డులో ఉందో లేదో మనకి తెలియదు. మందు పూయకుండా, దూది నొక్కకుండా, పేపర్ కప్పుని కంటిమీద బోర్లించి అంచులకి ప్లాస్టర్ వేసి, టెటనస్ టీకా ఇచ్చి పంపండి. రెప్ప అంచు తెగినా, ముక్కు పక్క మూల తెగినా, గాయంలో పసుపు కొవ్వు కనబడినా మనం కుట్టకూడదు.

4. నొప్పితో లేచిన కురుపు

రెప్ప అంచున ఎర్రగా, ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పితో, ఒకటి రెండు రోజుల్లో లేచింది స్టై. చాలావరకు వారం పది రోజుల్లో తనే పగిలి తగ్గిపోతుంది. దీనికి మందు కాపడమే.

మన అమ్మమ్మలు చూపుడువేలు అరచేతిలో రుద్ది వేడి పుట్టించి కురుపు మీద పెట్టేవాళ్లు. ఆలోచన సరైనదే, వేడి చాలదు, వేలు శుభ్రంగా ఉండదు, అంతే. లవంగం అరగదీసి రాయడం, చనుబాలు పోయడం మాత్రం గట్టిగా వద్దనండి.

కాపడం ఎలా పెట్టాలో మీరే చూపించండి. "వేడి గుడ్డ పెట్టుకోండి" అని వదిలేస్తే ఒక్క నిమిషం పెట్టి మానేస్తారు.

- గుడ్డ మీద చేయి మణికట్టు లోపలి వైపు ఆనిస్తే హాయిగా వేడిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. 40 నుంచి 45 డిగ్రీలు ఉంటే సరిపోతుంది.
- తడిగుడ్డ ఒకటి రెండు నిమిషాల్లో చల్లారుతుంది. రెండు గుడ్డలు మార్చుకోవాలి, లేదా శుభ్రమైన రుమాల్లో గుప్పెడు బియ్యం మూటగట్టి పెనం మీద వేడిచేసుకోవాలి.
- ఒక్కోసారి 5 నుంచి 10 నిమిషాలు, రోజుకి 3, 4 సార్లు.

"ఈ ఎండల్లో కాపడమా?" అని మే నెలలో ప్రతివాళ్లూ అడుగుతారు. అవును, మేలో కూడా.

చీము బయటికి కారుతుంటేనో, అంచంతా ఎర్రగా ఉంటేనో క్లోరాంఫెనికాల్ 1 శాతం ఆయింట్‌మెంట్ రోజుకి 3 సార్లు 5 నుంచి 7 రోజులు రాయండి. నోటి యాంటీబయాటిక్ ఊరికే రాయొద్దు, చుట్టూ చర్మం ఎర్రబడి వ్యాపిస్తేనే అవసరం. పిండటం, సూదితో గుచ్చడం అసలే వద్దు. కురుపు మొదట్లో వెంట్రుక ఒకటి వదులుగా ఉంటే దాన్ని పీకితే చీము కారి ఉపశమనం వస్తుంది, వెంట్రుక గట్టిగా ఉంటే వదిలేయండి.

మళ్లీ మళ్లీ కురుపులు వస్తుంటే షుగర్ చూడండి, పిల్లలైతే చూపు పరీక్ష చేయించండి, రెప్ప అంచు 6వ భాగంలో చెప్పినట్టు ఉందేమో చూడండి.

5. నొప్పి లేని గట్టి గింజ

రెప్ప లోపల నూనె గ్రంథులు ఉంటాయి, వాటి నోరు మూసుకుపోయి లోపల కొవ్వు గడ్డకడితే చలాజియాన్. అంచుకి కాస్త దూరంగా, బఠాణీలాగ గట్టిగా, నొప్పి లేకుండా. యాంటీబయాటిక్ చుక్కలకి ఇక్కడ పనే లేదు. పైన చెప్పిన కాపడం, దాని వెంటనే మసాజ్. పై రెప్పయితే పైనుంచి కిందికి, కింది రెప్పయితే కిందినుంచి పైకి, అంచు వైపుకే, మెత్తగా 10 సార్లు. వారాలు పడుతుందని ముందే చెప్పండి, లేకపోతే నాలుగో రోజుకే డాక్టర్ మార్చేస్తారు.

6 నుంచి 8 వారాలకీ కరగకపోతే, లేదా గింజ కంటిని నొక్కి చూపు మసకబారితే చిన్న ఆపరేషన్‌కి పంపండి.

ఇంకొక్క మాట, దీనికోసమే ఈ భాగం రాశాను. గాజువాక వైపు నుంచి అరవై దాటిన ఒకావిడ వచ్చింది. అదే రెప్ప, అదే చోట గింజ, వేరేచోట్ల రెండుసార్లు కోయించుకుంది. నేను కూడా కాపడం రాసి పంపేసేవాణ్ణే, రెప్ప మీదికి వెలుగు పడినప్పుడు గింజ ఉన్నంత మేర వెంట్రుకలు లేవని కనబడింది. బయాప్సీలో (ముక్క తీసి ల్యాబ్‌లో చూసే పరీక్ష) నూనె గ్రంథి క్యాన్సర్ అని వచ్చింది. మన దేశంలో రెప్ప క్యాన్సర్లలో ఇది తరచుగా కనబడేదే, పాఠ్యపుస్తకంలో పాశ్చాత్య లెక్కలు చదివి అరుదనుకుంటాం. ఇవి కనబడితే కాపడం రాయకుండా బయాప్సీకి పంపండి:

- అదే చోట రెండోసారి, మూడోసారి వచ్చిన గింజ
- గింజ మేర వెంట్రుకలు ఊడటం
- పుండుపడటం, రక్తం, రెప్ప అంచు ఆకారం చెడటం
- నెలల తరబడి ఒకే కంటికి "కళ్ల కలక"
- చెవి ముందు గ్రంథి గట్టిగా తగలడం

పెద్ద వయసు వాళ్లకి గింజ కోసిన ప్రతిసారీ ముక్క ల్యాబ్‌కి వెళ్లిందా అని అడగండి, రిపోర్టు చూపించమనండి.

6. అంచు దురద, పొట్టు, ఇసుక పోసినట్టు మంట

బ్లెఫరైటిస్, అంటే రెప్ప అంచు వాపు. ఓపీలో ఎక్కువసార్లు కనబడేదీ, ఎక్కువసార్లు "అలర్జీ" అని రాసి పంపేసేదీ ఇదే. పొద్దున్నే లేచేసరికి రెప్పలు అంటుకుపోవడం, వెంట్రుకల మొదట్లో పుసులు, రెండు కళ్లకీ ఉండటం గుర్తులు. వెంట్రుక మొదలు చుట్టూ చిన్న గొట్టంలాగ తెల్లటి పొట్టు ఉంటే డెమోడెక్స్ అనే పురుగు పని. అంచుని వేలితో నొక్కితే నూనె బదులు పేస్టులాంటిది వస్తే గ్రంథులు మూసుకున్నాయి. తలలో చుండ్రు ఉందా చూడండి, ఉంటే దానికీ మందివ్వకపోతే రెప్ప తగ్గదు.

ఇది పోయే జబ్బు కాదు, అదుపులో ఉండే జబ్బు. మొదటిరోజే ఆ మాట చెప్పాలి. నేను "పళ్లు తోముకోవడం లాంటిదమ్మా, ఒక వారం తోమి మానేస్తే ఏమవుతుంది?" అంటాను, వెంటనే అర్థమవుతుంది.

ఇంట్లో చేసే వరస ఇదే, వరస మారితే ఫలితం ఉండదు:

1. చేతులు కడుక్కుని 5 నుంచి 10 నిమిషాలు కాపడం. గడ్డకట్టిన నూనె కరగాలి.
2. వెంటనే అంచు వైపుకి మసాజ్, 10 సార్లు. చల్లారాక చేస్తే దండగ.
3. కాచి చల్లార్చిన నీళ్లు 10 వంతులకి బేబీ షాంపూ 1 వంతు కలిపి, ఇయర్ బడ్ ముంచి, కన్ను మూసి వెంట్రుకల మొదళ్ల వెంట మెల్లగా రుద్దడం. ఒక్కో కంటికి కొత్త బడ్.
4. మంచినీళ్లతో కడిగి తుడుచుకోవడం.
5. రాత్రిపూట అయితే అజిత్రోమైసిన్ 1 శాతం ఆయింట్‌మెంట్ అంచుకి బియ్యపుగింజంత రాసుకోవడం, 2 నుంచి 4 వారాలు.

మొదటి నెల రోజుకి రెండుసార్లు, తర్వాత ఒకసారి. పొడిగా మండుతుంటే సీఎంసీ (కన్నీళ్ల బదులు వేసే మందు) 0.5 శాతం చుక్కలు రోజుకి 4 సార్లు. అప్పటికీ తగ్గకపోతే డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకొకటి, 4 నుంచి 6 వారాలు. గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి, 8 ఏళ్లలోపు పిల్లలకి వద్దు. నిండు గ్లాసు నీళ్లతో మింగాలి, మింగాక అరగంట పడుకోకూడదు, మన ఎండకి చర్మం కమిలిపోతుందని కూడా చెప్పండి.

కాటుక, ఐలైనర్ కనీసం తగ్గేదాకా మానేయమనాలి. పెళ్లిళ్ల సీజన్లో ఈ మాట ఎవరూ వినరు, కనీసం రాత్రి పడుకునేముందు తుడిచేయమనండి.

7. వెంట్రుకలకి పేలు, లోపలికి తిరిగిన వెంట్రుకలు, పొడిబారిన చర్మం

పేలు, ఈపులు అంచున కనబడితే వ్యాసలీన్ మందంగా రోజుకి రెండుసార్లు 8 నుంచి 10 రోజులు రాయాలి, కనబడినవి ఫోర్సెప్స్‌తో తీయాలి. తలకి వాడే పేల మందు కంటి దగ్గరికి రానివ్వొద్దు. ఇవి తల పేలు కాకపోవచ్చు. పీత ఆకారంలో ఉండేవి (మర్మాంగాల దగ్గర వెంట్రుకల్లో ఉండే రకం) పిల్లల రెప్పల మీద కనబడితే ఇంట్లో పరిస్థితేంటో మెల్లగా, ఒంటరిగా మాట్లాడి తెలుసుకోవాలి.

వెంట్రుక నల్లగుడ్డుకి తగులుతుంటే ఒకటీ రెండూ పీకొచ్చు, 6 వారాల్లోపు మళ్లీ వస్తాయి. రెప్పే లోపలికి తిరిగితే సర్జరీ, ఫ్లోరెసిన్‌లో గీతలుంటే ఆ వారంలోనే.

రెప్ప చర్మం ఎర్రగా, పొరలుగా, దురదగా ఉంటే కొత్తగా వాడినదేంటో వెతకండి: జుట్టు రంగు, గోళ్ల రంగు, కొత్త ఫేస్ క్రీమ్, నియోమైసిన్ ఉన్న చుక్కలు. మానేయించి, చల్లటి గుడ్డ పెట్టించి, సెటిరిజిన్ ఇవ్వండి. దురద లేకుండా పొద్దున్నే రెండు రెప్పలూ ఉబ్బుతుంటే అలర్జీ అనకండి, యూరిన్ డిప్‌స్టిక్ ముంచండి. పిల్లల్లో నెఫ్రోటిక్ (మూత్రంలో ప్రొటీన్ పోయే కిడ్నీ జబ్బు) చాలాసార్లు రెప్పల దగ్గరే మొదట బయటపడుతుంది.

ముక్కు పక్కన పసుపు పచ్చటి పలకల్లాంటి మచ్చలుంటే హాని లేదు, కొలెస్ట్రాల్ ఒకసారి చూడండి.

8. నేను చేసిన తప్పు, మీరు చేయకండి

ఉద్యోగంలో చేరిన కొత్తలో బ్లెఫరైటిస్ ఉన్న ఒక కాలేజీ కుర్రాడికి యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిసిన చుక్కలు రాశాను. రెండు రోజుల్లో ఎరుపు పోయింది, వాడు సంతోషం, నేను సంతోషం. వాడు అదే చీటీతో నెలల తరబడి కొనుక్కుంటూనే ఉన్నాడు. మళ్లీ వచ్చేసరికి కంటి ప్రెజర్ పెరిగిపోయి ఉంది. చీటీ మీద "మళ్లీ ఇవ్వొద్దు" అని నేను రాయలేదు, ఎన్ని రోజులో కూడా రాయలేదు.

అప్పటినుంచి రెప్ప సమస్యకి స్టెరాయిడ్ చుక్కలు నేను మొదలుపెట్టడం మానేశాను, ఎవరైనా వాడుతుంటే ప్రెజర్ చూపించుకోమని పంపుతాను. ఏ కంటి మందు రాసినా ఎన్ని రోజులో చీటీ మీద అంకెతో రాస్తాను.

9. పంపేటప్పుడు చీటీలో ఏం రాయాలి

విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, హనుమంతవాక దగ్గర ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. గింజకి, వెంట్రుకలకి, బయాప్సీకి అక్కడికి. ఊపిరి, మెదడు, జ్వరం కలిసిన కేసులు అన్ని విభాగాలూ ఉన్న పెద్దాసుపత్రికి. "కంటి సమస్య, దయచేసి చూడగలరు" అని రాసి పంపితే అక్కడివాళ్లు మొదటినుంచీ మొదలుపెట్టాలి. ఇవి రాయండి:

- రెండు కళ్ల చూపు విడివిడిగా, పిన్‌హోల్‌తో ఎంత
- కంటిపాపలు, కదలికలు, కన్ను ముందుకి వచ్చిందా
- ఎన్నాళ్లుగా, ఎన్నోసారి, ముందు కోశారా
- వాడిన మందులు, ముఖ్యంగా స్టెరాయిడ్
- షుగర్, అలర్జీలు, గర్భం
- మనం ఇచ్చిన మొదటి డోసు, టైమ్

దూరం నుంచి వచ్చినవాళ్లయితే ఆ ఓపీ ఏ రోజు, ఏ టైమ్‌లో ఉంటుందో ముందే ఫోన్ చేసి కనుక్కుని చీటీ వెనక రాసివ్వండి. భీమిలి నుంచి రెండు బస్సులు మారి వెళ్లి కౌంటర్ మూసేశారని తిరిగొచ్చిన మనిషి ఇంకోసారి వెళ్లడు.